ఏ శాఖకూ చెందని కుర్చీ

ఆ సోమవారం తూకమయ్యకు విశ్వవిద్యాలయం నుంచి రెండు కవర్లు వచ్చాయి. రెండింటి మీదా ఒకటే ముద్ర. తెచ్చిన ప్యూను కూడా ఒక్కడే. "ఇక్కడో సంతకం, ఇక్కడో సంతకం" అని రెండు పుస్తకాలు చాపి, పని కాగానే యార్డులో ఒక పాత గొడుగు ఏరుకొని తన దారిన తాను వెళ్ళిపోయాడు.

తూకమయ్య అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. కాటా మీద పెట్టి చూడకుండా ఆయన నోటి నుంచి మాట ఊడిపడదని బజారు పెట్టిన పేరు. ఆ పేరు వల్ల నష్టమేమీ లేదని తేలాక ఆయన దాన్నే ఉంచేసుకున్నాడు.

కవర్లు చదివే పని బావమరిదిది. మొదటిది భవనాల విభాగం పంపిన నోటీసు. వెనక గోడను ఆనుకొని ఉన్న విశ్వవిద్యాలయ స్థలంలో తమరు నడుపుతున్న పాత సామాన్ల యార్డును ఈ విద్యా సంవత్సరం ముగిసేలోగా ఖాళీ చేయవలెను, అక్కడ 'సుస్థిర భవిష్యత్ కేంద్రం' అనే భవనం కట్టడానికి నిర్ణయమైనది అని దాని సారాంశం.

రెండోది పర్యావరణ శాఖ నుంచి. 'శాఖాతీత సుస్థిరతా అధ్యయనం' అనే కొత్త కోర్సు మొదలుపెడుతున్నామనీ, పారేసిన వస్తువును మళ్ళీ పనికి తేవడంలో ముప్ఫై ఏళ్ళ అనుభవం గల తమరు అందులో సమాజ భాగస్వామిగా ఉండాలనీ, తమ యార్డే విద్యార్థులకు ప్రయోగశాల కావాలనీ అందులో ఎంతో మర్యాదగా రాశారు.

బావమరిది రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకొని చాలాసేపు చూశాడు.

"ఒక గదిలోంచి రమ్మంటున్నారు, ఇంకో గదిలోంచి పొమ్మంటున్నారు. ఇంతకీ మనం రావాలా, పోవాలా బావా?"

"ఆ రెండో దాని పేరు ఇంకోసారి చదువు."

"శాఖా... శాఖాతీత... నోరు తిరగడం లేదు. అన్ని శాఖల వాళ్ళూ ఒకచోట కూర్చుని చెప్పుకునే చదువంట."

"అందరి క్లాసు అనుకో, సరిపోతుంది."

తూకమయ్య అలవాటు కొద్దీ రెండు కవర్లనూ కాటా పళ్ళెంలో పడేశాడు. ముల్లు కదల్లేదు. ఇంత తేలిక సరుకు ఒక మనిషి బతుకును తలకిందులు చెయ్యగలదని ఆయనకు తెలుసు. కాగితం వ్యాపారం కూడా చేశాడు మరి.

ఆ యార్డు ఆయన మామగారు పెట్టినది. ఒకప్పటి పెద్ద అధికారి నోటిమాటతో మొదలై, ఏటా ఒక అనుమతి కాగితంతో నడుస్తూ వస్తోంది. ఇనుం కుప్ప, కాగితం కుప్ప, సీసాల కుప్ప, వైర్ల కుప్ప, మధ్యలో రేకుల షెడ్డు, గుమ్మం దగ్గర పెద్ద కాటా. తన ఇల్లూ బావమరిది ఇల్లూ గడిచేది దాని మీదే. ఊళ్ళో తోపుడుబండ్ల వాళ్ళు ముప్ఫై మందికి పైగా మధ్యాహ్నానికి అక్కడికే చేరతారు. ఇలాంటి కొట్టుకు ఇంకో చోట స్థలం దొరకదు. పాత సామాను అందరి ఇంట్లోనూ ఉంటుంది కానీ పాత సామాన్ల కొట్టు తన ఇంటి పక్కన ఉండాలని ఎవరూ కోరుకోరు.

మధ్యాహ్నం అన్నం పెడుతూ భార్య సంగతంతా విన్నది.

"ఆ మేడమ్ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆవిడకు తెలిసుండదు."

"ఇప్పుడు చెబితే జాలిపడుతుంది."

"పడితే మంచిదేగా?"

"జాలి నిలవుండే సరుకు కాదే. మూడో రోజుకు పుల్లబడుతుంది. ముందు ఆవిడకు మనతో పని పడాలి. పని పడ్డాక జాలితో అవసరం ఉండదు."

"ఈయన పెళ్ళిచూపులకు కూడా కాటా పట్టుకొచ్చిన మనిషిరా" అంది ఆవిడ తమ్ముడితో.

"తెలుసక్కా. నాన్న అప్పుడే అన్నాడు, అల్లుడు తక్కువ తూచడు, ఎక్కువా తూచడు అని."

కోర్సు కమిటీ బుధవారాల్లో కూర్చునేది. మూడో అంతస్తులో పొడవాటి గది, పొడవాటి బల్ల, చుట్టూ ఇనుప కాళ్ళ కుర్చీలు. ప్రతివాళ్ళ ముందూ పేరు రాసిన అట్టముక్క ఉంది. తూకమయ్య ముందు పెట్టిన దాని మీద పేరు లేదు, 'సమాజం' అని మాత్రమే ఉంది. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆయన్ను చాలామంది చాలా రకాలుగా పిలిచారు కానీ ఇంత పెద్ద మాట ఎవరూ అనలేదు. పక్కనున్న సమాజశాస్త్రం ఆయన ఆ అట్టముక్క వైపు గుర్రుగా చూశాడు. అంతవరకూ ఆ గదిలో సమాజం తరఫున మాట్లాడేది ఆయనే.

కూర్చోగానే కుర్చీ ఎడమ పక్కకు ఒరిగింది. తూకమయ్య దాన్ని గుర్తుపట్టాడు. ఇలాంటి కుర్చీలు తన యార్డుకు ఏటా రెండు లారీలు వస్తాయి. ఈ కుర్చీ కూడా రేపో మాపో వచ్చేదే. బరువు ఎడమ కాలి మీద పడకుండా జాగ్రత్తగా సర్దుకొని కూర్చున్నాడు.

ఆ రోజు చర్చ 'వ్యర్థం అంటే ఏమిటి' అన్నది. ఇంజనీరింగ్ ఆయనకు అది శక్తి నష్టం. రసాయనం ఆయనకు అణువుల అమరిక. అర్థశాస్త్రం ఆవిడకు మార్కెట్టు లెక్కలోకి తీసుకోని ఖర్చు. సమాజశాస్త్రం ఆయనకు అధికారం ఉన్నవాడు లేనివాడి మీదికి తోసేసేది. ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు తలకాయలు ఊపారు. ఎవరి వంతు రాగానే వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి తమ మాటే చెప్పారు. రెండు గంటలు గడిచాక, కోర్సు పుట్టించిన పర్యావరణం మేడమ్ ఇటు తిరిగింది.

"మీరేమంటారండీ? మీ దృష్టిలో వ్యర్థం అంటే?"

"ఏముందమ్మా. ఇంకా కొనేవాడు దొరకని సరుకు."

 మేడమ్ లేచి ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి చుట్టూ గుండ్రంగా గీత గీసింది. మిగతా నలుగురూ తమ పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. అర్థశాస్త్రం ఆవిడ, ఇది తను చెప్పినదేనంది.

లేచే ముందు మేడమ్ ఒక నియమం చెప్పింది. "ఈ కోర్సు ఏ ఒక్క శాఖదీ కాదు, అదే దీని గొప్పతనం. అందుకే దీనికి సంబంధించిన ఏ కాగితం కదలాలన్నా ఐదు శాఖల సంతకాలూ ఉండాలి, మీదీ ఉండాలి. మొత్తం ఆరు. ఒక్కటి తగ్గినా చెల్లదు."

"నాది కూడానా అమ్మా?"

"మీదే ముఖ్యం. సమాజం లేకుండా ఏ నిర్ణయమూ ఉండకూడదు."

తూకమయ్య ఆ మాటను జాగ్రత్తగా మూట కట్టుకొని మెట్లు దిగాడు.

మరుసటి వారం నుంచి పిల్లలు యార్డుకు రావడం మొదలుపెట్టారు. ఒక్కో శాఖ నుంచీ నలుగురు, మొత్తం ఇరవై మంది. అర్థశాస్త్రం పిల్లలు ప్రశ్నల కాగితాలు పట్టుకొచ్చారు. సమాజశాస్త్రం పిల్లలు తోపుడుబండ్ల వాళ్ళ దగ్గర కూర్చుని, ఈ పని చేస్తుంటే మీకేమనిపిస్తుంది అని అడిగారు. "ఆకలనిపిస్తుంది" అన్నాడు ఒక ముసలాయన. వాళ్ళు రాసుకున్నారు. రసాయనం పిల్లలు బ్యాటరీల కుప్ప దగ్గర మట్టి తీసి సీసాల్లో పోసుకున్నారు. ఇంజనీరింగ్ పిల్లలు ఇనుమునూ రాగినీ వేరు చేసే యంత్రం గీయబోయారు. బావమరిది ఒక అయస్కాంతం తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టాడు.

వారం తిరిగేసరికి తూకమయ్యకు ఒక సంగతి అర్థమైంది. ఏ శాఖ పిల్లలు ఆ శాఖ కుప్ప దగ్గరే ఉంటున్నారు. టీ కూడా విడివిడిగానే తాగుతున్నారు. ఆయన ఏ కుప్పకూ చెందని సరుకు ఒకటి వాళ్ళ మధ్యలో పోయించాడు. విశ్వవిద్యాలయం కిందటి నెల పారేసిన నూట నలభై కుర్చీలు.

"ఇవి విప్పండి. ఇనుం ఇనుంలోకి, చెక్క చెక్కలోకి."

వాళ్ళలో ఎప్పుడూ చేతిలో స్పానర్ పట్టుకు తిరిగే ఇంజనీరింగ్ అమ్మాయి ఒకతె ఉంది. బావమరిది ఆమెకు స్పానరమ్మ అని పేరు పెట్టేశాడు. మొదటి రోజు తూకమయ్యను సర్ అన్నది, మూడో రోజుకు బాబాయ్ అనడం మొదలుపెట్టింది. ముప్ఫై కుర్చీలు విప్పాక ఆ పిల్ల లేచి నిలబడింది.

"బాబాయ్, ఇవన్నీ ఒకేచోట పాడయ్యాయి."

"ఏదీ?"

"చూడండి. కూర్చునే చెక్క వెనక ఎడమ కాలికి కలిసే చోట బోల్టు వదులైంది. చెక్క బాగుంది, ఇనుం బాగుంది. కలిసే చోటే పోయింది. ఒక వాషరు వేసి బిగిస్తే ఇంకో పదేళ్ళు ఉంటుంది. వీటిని పారేయడమేంటి?"

"ఏమో తల్లీ. వెళ్ళి కనుక్కో."

ఆ పిల్ల నిజంగానే వెళ్ళింది. కూడా ఒక అర్థశాస్త్రం కుర్రాణ్ణి, ఒక సమాజశాస్త్రం అమ్మాయినీ వెంటేసుకొని వెళ్ళింది. రెండు రోజులు తిరిగి, కథంతా పట్టుకొచ్చింది. విశ్వవిద్యాలయంలో మరమ్మతులకు రెండు విభాగాలు ఉన్నాయి. చెక్కపని వడ్రంగిది, ఇనుప పని ఫిట్టరుది. ఒకరి సరుకు ఇంకొకరు ముట్టకూడదని ఎప్పటిదో ఒక ఉత్తర్వు ఉంది.

"వడ్రంగి దగ్గరికి వెళ్తే, కాళ్ళు ఇనుమువి కదమ్మా, ఫిట్టరును అడుగు అన్నాడు. ఫిట్టరు దగ్గరికి వెళ్తే, కూర్చునేది చెక్క మీదే కదా, వడ్రంగిని అడుగు అన్నాడు. ఇద్దరి గదులకూ మధ్య గోడ ఒక్కటే. కుర్చీ ఇద్దరిదీ కాదు కాబట్టి పాతసామాను. ఇరవై రెండేళ్ళుగా ఇంతేనట." స్పానర్ పక్కన పెట్టింది. "మీకు ముందే తెలుసు కదా బాబాయ్?"

"తెలుసు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నన్నెవరూ అడగలేదమ్మా."

అది అబద్ధం కాదు. కానీ ఆ మాటను లోపలి కాటా మీద పెడితే తూకం కాస్త తక్కువే వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా తన ఇల్లు గడిచింది ఆ బోల్టు సందులోనే.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక బావమరిది కుర్చీల కుప్ప మీద చతికిలబడ్డాడు.

"బావా, ఆ పిల్ల దీని మీద రిపోర్టు రాస్తుందట. కుర్చీలన్నీ బాగుచేయించాలని రాస్తుందట. స్థలం ఎలాగూ పోతోంది, ఇప్పుడు సరుకు కూడా పోతుంది. ఆ మేడమ్ క్లాసు పెట్టింది మన అన్నం గిన్నెకు మూత పెట్టడానికా?"

 తూకమయ్య, స్థలం ఉండి కుర్చీలు పోతే ఏం మిగులుతుంది, కుర్చీలు ఉండి స్థలం పోతే ఏం మిగులుతుంది అని రెండు పళ్ళేల్లోనూ వేసి చూశాడు. రెండోదాంట్లో ఏమీ మిగల్లేదు. కుర్చీలను రోడ్డు మీద పెట్టుకు అమ్మలేడు.

"రాయనీ."

"రాయనీ అంటే?"

"ఆ వడ్రంగినీ ఫిట్టరునూ రేపు టీకి పిలువు. ఒక్కొక్కణ్ణి కాదు, ఇద్దర్నీ ఒకేసారి."

వడ్రంగీ ఫిట్టరూ ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగారు. గోడకు అవతల వాళ్ళు ఒకే కుర్చీని ముట్టడం నేరం. గోడకు ఇవతల ఏ ఉత్తర్వూ లేదు. ఒకడు చెక్కలో రంధ్రం సరిచేశాడు, ఇంకొకడు వాషరు వేసి బిగించాడు, పిల్లలు చుట్టూ మూగారు. మధ్యలో ఇద్దరూ బోల్టు బిగింపు మీద పోట్లాడుకున్నారు.

"నీకు ఇనుం తప్ప ఏం తెలుసు? చెక్క ఊపిరి పీల్చుకుంటుంది, ఇంత గట్టిగా బిగిస్తే పగులుతుంది."

"పగలకుండా ఉండాలంటే నువ్వు మంచి చెక్క కొనాల్సింది."

"కొనేది నేనా? అది స్టోరు వాళ్ళ పని."

"అదిగో, మూడోవాడు" అన్నాడు ఫిట్టరు. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ రోజు ఇరవై మందీ ఒకేచోట టీ తాగారు. ఎవరు ఏ శాఖో తూకమయ్య పోల్చుకోలేకపోయాడు. నెల తిరిగేసరికి నూట నలభైలో నూట పదహారు కుర్చీలు నిలబడ్డాయి. మేడమ్ వచ్చి చూసి, కళ్ళు తుడుచుకొని, ఫోటోలు తీసుకొని వెళ్ళింది. ఈ కోర్సు గురించి తను రాసిందంతా ఇదేనంది. తను రాసిన దాంట్లో కుర్చీ అన్న మాట ఎక్కడా లేకపోయినా తూకమయ్య కాదనలేదు.

పిల్లలు కుర్చీలు బిగిస్తుండగానే ఒకరోజు భవనాల అధికారి టేపు పట్టుకొని వచ్చాడు. గేటు నుంచి గోడ దాకా, షెడ్డు నుంచి కాటా దాకా కొలిచాడు. రసాయనం కుర్రాడొకడు మర్యాదగా టేపు రెండో చివర పట్టుకున్నాడు.

"మీరు ఏ శాఖ సర్?"

"భవనాలు."

"మీరు కూడా ఈ కోర్సుకే పని చేస్తున్నారా?"

"ఈ కోర్సుకే బాబూ" అన్నాడు అధికారి. అదీ అబద్ధం కాదు. తర్వాత తూకమయ్య వైపు తిరిగాడు. "ఏమయ్యా, నోటీసు అందిందా? సామాను ఇంకా పెరుగుతోందే తప్ప తరగడం లేదే?"

"తరుగుతుందండి. మీరే చూస్తారు."

విద్యా సంవత్సరం చివరి బుధవారం వచ్చింది. కమిటీ గదిలో ఆ రోజు కుర్చీ ఒక్కటి కూడా ఒరగలేదు. స్పానరమ్మ అన్నిటినీ మార్చేసింది. వైస్ ఛాన్సలర్ కూడా వచ్చి పిల్లల మాటలు విని, చాలా సంతోషించి, శాఖల మధ్య గోడలు కూలాలని చెప్పి, ఇంకో సభకు వెళ్ళే తొందరలో ఉన్నాడు. సంతకాల కాగితాల దొంతర బల్ల చుట్టూ తిరిగింది. ఐదు శాఖల వాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు చకచకా సంతకాలు చేసుకుంటూ పోయారు. మిగతా నలుగురూ చదివి ఉంటారులే అని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. అలా అనుకోవడంలో మాత్రం ఐదు శాఖలూ ఏకమయ్యాయి.

దొంతర తూకమయ్య దగ్గరికి వచ్చింది. భవనాల అధికారి వెనకే నిలబడి పెన్ను మూత తీసి ఇచ్చాడు. అడుగున ఉన్న కాగితాన్ని తూకమయ్య పైకి తీసి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకే చదివాడు. "కోర్సు అవసరాల నిమిత్తం... సుస్థిర భవిష్యత్ కేంద్రం నిర్మాణానికి... వెనక గోడ పక్కన గల పాత సామాన్ల యార్డును తొలగించుటకు... కమిటీ ఏకగ్రీవంగా..."

మేడమ్ ముఖంలో రంగు మారింది. "ఏ యార్డు?"

"మాదేనమ్మా."

"మీకు ముందే తెలుసా? మరి నాకు చెప్పలేదేమండీ?"

"మీకు తెలుసనుకున్నానమ్మా. రెండు కవర్ల మీదా మీ ముద్రే ఉంది."

మేడమ్ నిజంగానే బాధపడింది. గోడ పక్కనున్న పిల్లలు గుసగుసలాడుకున్నారు. స్పానరమ్మ లేచి నిలబడింది. మేడమ్ ఆమెను కూర్చోమని సైగ చేసి తూకమయ్య వైపు తిరిగింది.

"చాలా దారుణం. కానీ నిధులు ఈ ఏడాదే వాడకపోతే వెనక్కి పోతాయట. యార్డును మనం వీడియో తీసి భద్రపరుద్దాం. కేంద్రంలో మీ పేరుతో ఒక గోడ కూడా..."

జాలి తాను అనుకున్నదాని కంటే త్వరగా పుల్లబడిందని తూకమయ్య గమనించాడు. మూడు రోజులు కాదు, మూడు నిమిషాలు.

"దాందేముందమ్మా, పెడతాను" అన్నాడు పెన్ను చేతిలోకి తీసుకొని. "మీరు ఐదుగురు చదువుకున్నవాళ్ళు పెట్టాక నేనెంత. ఒక్క సంగతి తెలిస్తే చాలు. కట్టాక దాని తాళం చెవి ఏ శాఖ దగ్గర ఉంటుంది?"

ఐదుగురూ మెడలు చాచి కాగితంలో వెతికారు. భవనాల అధికారి ఆ సందు పూడ్చేద్దామనుకొని, "పర్యావరణం వాళ్ళ దగ్గరే కదా, కోర్సు వాళ్ళది" అన్నాడు.

"కోర్సు వాళ్ళది కాదు" అన్నాడు ఇంజనీరింగ్ ఆయన. "కోర్సు ఏ ఒక్క శాఖదీ కాదు. పైగా అక్కడి యంత్రాలన్నీ మావి."

"యంత్రాలు ఎక్కడున్నాయి? ప్రయోగశాల మాది" అన్నాడు రసాయనం ఆయన. "గ్యాసు ఉన్నచోట తాళం మా దగ్గర లేకపోతే ప్రమాదం."

"ఆ నిధులు తెచ్చిన ప్రతిపాదనలో మొదటి పేరు ఎవరిదో చూడండి" అంది అర్థశాస్త్రం ఆవిడ.

"తాళం అనే భావనే ప్రశ్నార్హం" అన్నాడు సమాజశాస్త్రం ఆయన. "అయినా ఎవరో ఒకరి దగ్గర ఉండాలి కాబట్టి, సమాజంతో సంబంధం ఉన్న శాఖ దగ్గర ఉండటం న్యాయం."

"ఐదు తాళాలు చేయిస్తే పోలా?" అన్నాడు అధికారి.

"మొదట ఎవరు తెరుస్తారు?" అంది మేడమ్. అంతవరకూ అందరిలోకీ మెత్తగా ఉన్న మనిషి ఆవిడే.

తూకమయ్య పెన్ను బల్ల మీద పెట్టేశాడు. ఇంజనీరింగ్ ఆయన ఆ కాగితం లాక్కొని తన సంతకం మీద అడ్డంగా గీత గీశాడు. అది చూసి రసాయనం ఆయన కూడా గీశాడు. వైస్ ఛాన్సలర్ గడియారం చూసుకొని, ఇది చాలా మౌలికమైన ప్రశ్న అనీ, తాళం చెవి విషయం తేల్చడానికి ఒక ఉపసంఘం వేస్తున్నాననీ, అది తేలేవరకూ స్థలంలో దేన్నీ కదపవద్దనీ చెప్పి లేచాడు. ఉపసంఘంలో ఐదు శాఖలూ ఉంటాయి. సమాజమూ ఉంటుంది.

మెట్ల మీద భవనాల అధికారి అందుకున్నాడు. "మీరు గట్టివారండీ" అన్నాడు. ఏమయ్యా నుంచి అండీ దాకా రావడానికి ఆయనకు సరిగ్గా ఒక విద్యా సంవత్సరం పట్టింది.

పది రోజుల తర్వాత స్పానరమ్మ యార్డుకు వచ్చింది. ఈసారి చేతిలో స్పానర్ లేదు, ఒక కాగితం ఉంది.

"బాబాయ్, మా ఇరవై మంది ఫలితాలూ ఆపేశారు. కోర్సు ఏ శాఖదో తేలలేదు కాబట్టి మార్కులు ఏ శాఖ గడిలో వెయ్యాలో తెలీదట. ఆరు సంతకాలూ పడాలి, తాళం చెవి తేలేదాకా ఎవరూ సంతకం పెట్టరట. నాకు వచ్చే నెల ఉద్యోగంలో చేరాలంటే ఈ మార్కులు కావాలి."

తూకమయ్య ఆ కాగితం తీసుకున్నాడు. ఆరు సంతకాల నియమం ఉన్నా, అది 'సమాజం' ముందుకు రాని కాగితం.

"ఒక్కటి చెప్పండి" అంది ఆ పిల్ల. "ఆ తాళం చెవి ప్రశ్న మీకు మొదటి రోజే తట్టింది కదా?"

"రెండో రోజు."

"మరి ఆఖరి రోజు దాకా దాచారేం?"

"అప్పటిదాకా నన్ను సంతకం ఎవరడిగారు?"

ఆ పిల్ల నవ్వలేదు. ఫిట్టరు బిగించిన కుర్చీలో కూర్చుని, కాళ్ళ మధ్యలో నేలకేసి చూసింది. తూకమయ్యకు ఆ చూపు బాగా బరువనిపించింది. తను నిలబెట్టుకున్న యార్డు ఒక పళ్ళెంలో ఉంది. ఇరవై మంది పిల్లల ఏడాది ఇంకో పళ్ళెంలో ఉంది. పళ్ళేలు మార్చే మాట లేదు. రెండూ ఒకేసారి నిలిచే దారి చూడాలి.

బుధవారం ఉపసంఘంలో, తాళం మీద మూడో గంట చర్చ నడుస్తుండగా ఆయన చెయ్యెత్తాడు.

"అయ్యా, ఇందులో ఎవరూ తగ్గాల్సిన పని లేదు. కానీ ఈ పిల్లలు బయటికి పోతే, ఈ కోర్సు నడిచిందని చెప్పుకోవడానికి మీకు ఇరవై మంది సాక్షులు ఉంటారు. లోపలే ఉండిపోతే, నడవలేదని చెప్పడానికి ఇరవై మంది ఉంటారు. మార్కులు ఐదు శాఖల గడుల్లోనూ వెయ్యండి. ఏ శాఖ పిల్లలు ఆ శాఖ గడిలో. తాళం ఎక్కడికి పోతుంది, తీరిగ్గా తేల్చుకోవచ్చు."

ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఏ శాఖ పిల్లలు ఆ శాఖకే వస్తారంటే ఎవరికీ నష్టం కనిపించలేదు. శాఖలకు అతీతమైన కోర్సు మార్కులు శాఖలవారీగా పంచేసుకున్నామన్న సంగతి మేడమ్‌కు ఒక్కరికే తట్టినట్టుంది. ఆవిడ ఏదో అనబోయి, బోర్డు మీద ఇంకా చెరపని ఆ గుండ్రటి గీత వైపు చూసి ఊరుకుంది. ఐదు సంతకాలు పడ్డాయి. ఆరోది తూకమయ్య ఒత్తి పెట్టాడు. ఆయన ఆ కమిటీలో ఇప్పటివరకూ పెట్టిన సంతకం అదొక్కటే.

స్పానరమ్మ ఉద్యోగంలో చేరింది. వెళ్ళే ముందు తన స్పానర్ షెడ్డులో మేకుకు తగిలించి వెళ్ళింది. ఆ తర్వాత వచ్చిన రెండో బ్యాచు పిల్లలు అది ఎవరిదని అడుగుతుంటారు. కుర్చీలు ఇప్పుడు యార్డుకు పాతసామానుగా రావు, మరమ్మతుకు వస్తాయి. సాయంత్రం తిరిగి వెళ్ళిపోతాయి. వడ్రంగీ ఫిట్టరూ రోజూ ఒక గంట గోడ దాటి వచ్చి, పోట్లాడుకొని, బిగించి వెళ్తారు. కేంద్రం భవనం అయ్యేదాకా అని కోర్సును 'తాత్కాలికంగా' రేకుల షెడ్డులోనే నడుపుతున్నారు. విశ్వవిద్యాలయంలో తాత్కాలికంగా వేసిన క్యాంటీన్ షెడ్డుకు ఈ ఏడాది పంతొమ్మిదేళ్ళు నిండాయని తూకమయ్య కనుక్కున్నాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ప్యూను తోపుడుబండి తోసుకుంటూ వచ్చాడు. బండి నిండా కట్టలు కట్టిన కాగితాలు.

"ఏంటివి?" అన్నాడు బావమరిది.

"తాళం చెవి ఉపసంఘం కాగితాలు. ప్రతి సమావేశానికీ ఆరు ప్రతులు. ఒక శాఖ ప్రతి ఇంకో శాఖ చదవదు, అందుకే ఆరు. అన్నీ పారేయమన్నారు. ఇక్కడో సంతకం పెట్టండి."

బావమరిది కట్టలు మోసుకొచ్చి పెద్ద కాటా మీద పేర్చాడు. తూకమయ్య కళ్ళజోడు సవరించుకొని వంగి చూశాడు. ముల్లు ఈసారి బాగానే కదిలింది.

"కుర్చీలంత వస్తుందా బావా?"

"కుర్చీలంత రాదు" అన్నాడు తూకమయ్య. "కానీ కుర్చీలు ఏడాదికి రెండు లారీలే. ఇది ప్రతి బుధవారం."